బాయిలరు చల్లారే లోపు

టక్కుమంది. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టక్కు. ఇనుము చల్లబడేటప్పుడు అట్లనే చప్పుడు చేస్తాది, భయపడొద్దక్కా అని బాయిలరు నడిపే నాగరాజ్ అన్నాడు, అని తాను మాత్రం ప్రతి టక్కుకీ తలెత్తి చూస్తున్నాడు. యూనిట్ ముందు ఆవరణలో కూర్చున్నాం మేము. నేను ఉతకని జీన్స్ మూట మీద, నాగరాజ్ నీళ్ళ తొట్టి గట్టు మీద, పక్కీరమ్మ నేల మీద. బాయిలరు గది తలుపు తీసే ఉంది. లోపల చీకటి, చీకట్లోంచి చప్పుడు. ఉతికే డ్రమ్ములు ఆగిపోయాయి, డ్రయ్యర్లు ఆగిపోయాయి. ఇక్కడ పనిలో చేరిన రోజు నుంచీ మాట్లాడాలంటే అరవడమే నాకు అలవాటు. ఇప్పుడు డ్రమ్ములు తిప్పే హనుమంత బీడీ పీలిస్తే వినిపిస్తోంది. కాలువలో నీలం నీళ్ళు పారుతుంటే వినిపిస్తోంది. స్టేషన్ వైపు గూడ్సు బండి కదిలితే ఒక్కో పెట్టె లంకె బిగుసుకోవడం వినిపించింది. ప్రహరీ మీద చిలుకలు వాలాయి. ఈ గోడ మీద చిలుకలు వాలతాయని నాకు తెలియదు. రోజూ వాలుతున్నాయేమో, వాటి అరుపు మా చప్పుడులో కలిసిపోయిందేమో.

చేతిలో ఫోను ఉంది. బాయిలర్ల తనిఖీ అధికారి నంబరు తెర మీద ఉంది. నొక్కలేదు. నొక్కితే ఏం చెప్పాలో లోపల అనుకుంటున్నాను. సార్, నా పేరు పద్మశ్రీ, జీన్స్ ఉతికే యూనిట్ నుంచి మాట్లాడుతున్నాను, ఇక్కడ ఈ పూట ఏమైందంటే. అక్కడే ఆగిపోతున్నాను. ఏమైందంటే ఏమీ కాలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడ పగల్లేదు. కప్పు రేకు ఒక్కటీ లేవలేదు. ఓనరు రాఘవేంద్ర సారు ఇందాక అదే అన్నారు, కోపంగా కూడా అనలేదు, నెమ్మదిగానే అన్నారు. "ఏమైందని చెప్తావమ్మా? కానిదాన్ని ఎట్ల రిపోర్టు చేస్తావు? చల్లారనీ. పక్కీరమ్మ గాజు కడుగుతాది. కడిగినాక మంట పెడదాం. దీపావళి సరుకు ఆగిపోయి ఉండాది కదమ్మా." ఆ తర్వాత ఇంకొక మాటా చెప్పి ఆయన తన గదిలోకి వెళ్ళారు, తలుపు మాత్రం మూసుకోలేదు. ఇక్కడి నుంచి ఆయన బూట్లు కనిపిస్తున్నాయి.

చల్లారితే కడుగుతారు, కడిగితే మంట పెడతారు. నాకున్న వ్యవధి ఈ ఇనుము చేతిలో ఉంది. టక్కుల మధ్య ఎడం పెరుగుతోంది.

గాజు సంగతి చెప్పాలి ఆ తనిఖీ అధికారికి. బాయిలరు లోపల నీళ్ళు ఎంతున్నాయో బయటికి కనపడదు, పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది, లోపల నీళ్ళు ఏ ఎత్తున ఉంటే గాజులో ఆ ఎత్తున కనిపిస్తాయి, ఇదంతా ఆ అధికారికి తెలుసు, నాకే ఈ పూట దాకా తెలియదు. నేను చదివింది బీకాం. సరుకు పంపడం నా పని. బెంగళూరులో మా దగ్గర సరుకు కొనే కంపెనీవాళ్ళు ప్రతి యూనిట్లోనూ సేఫ్టీకి ఒక మనిషి ఉండాలన్నారు, రాఘవేంద్ర సారు చుట్టూ చూస్తే నేను కనిపించాను. ఒక బోర్డు పంపారు. ప్రమాదం కనిపించినా, తప్పిపోయినా ఈ నంబరుకు చెప్పండి, చెప్పినవారికి ఏ నష్టమూ రాదు. కింద నా నంబరు. తెలుగులో, కన్నడంలో రాయించి నాలుగు గోడలకూ అంటించాను. ఒక్క ఫోనూ రాలేదు. డ్రమ్ము తలుపు తెరుచుకొని వేడినీళ్ళు మీద పడబోయినా, నేల జారి ఎవరైనా డ్రయ్యరు మీద పడబోయినా నాకు చెప్పేవాళ్ళు కాదు. ఎందుకు చెప్పరని పక్కీరమ్మను ఒకసారి అడిగాను. ఈ యూనిట్ పుట్టక ముందు ఇక్కడ పత్తి గోడౌను ఉన్నప్పటి నుంచీ ఉన్న మనిషి ఆమె. "గండం గడిచినాక దాని పేరెత్తకూడదమ్మా. పేరెత్తితే మళ్ళా తిరిగి చూస్తాది. ఒక టెంకాయ కొట్టి సుమ్నే ఉండాల" అంది. సుమ్నే అంటే ఊరికే, నోరు మూసుకొని. మా ఇంట్లో కూడా అంతే చేస్తాం, సుమ్నే అనే మాట మాత్రం వాడం.

గాజు. ఏటా ఆయుధపూజకు పక్కీరమ్మే బాయిలరుకు బొట్టు పెడుతుంది. పసుపు రాసి, మూడు వేళ్ళతో విభూతి గీతలు తీసి, నడుమ కుంకుమ. బాయిలరును ఆమె పెద్దమ్మ అంటుంది. ఆ బొట్టు పెట్టేది బాయిలరు ముందు పలక మీద, నొసటి మీద పెట్టినట్టు. పెట్టిన బొట్టును ఎవరూ తుడవరు, దానంతట అది రాలిపోవాలి. ఈసారి బెంగళూరువాళ్ళు ఫోటోలకు వస్తారని ముందు పలకకు కొత్త పెయింటు వేయించారు. పెయింటు మీద రాయొద్దని పక్కీరమ్మకు చెప్పింది నేనే. ఆమె పూజ మానలేదు, చోటు మార్చింది. గాజు గొట్టానికి ముందు ఒక అద్దం మూత ఉంటుంది, దాని మీద పెట్టింది. పలక కన్నా చిన్నది కాబట్టి పసుపు దాన్నంతా కప్పింది, విభూతి గీతలు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగాయి. వేడికి అది ఇటుకలా ఎండింది. ఆ రోజు నుంచీ నాగరాజ్ కింది విభూతి గీత చూసి నీటి గీత అనుకున్నాడు. అద్దం మీద అడ్డంగా ఒక గీత ఉంది, ఉండవలసిన ఎత్తులో ఉంది. రెండు మూడు రోజులు పంపు వేళకు వేశాడు కాబట్టి ఏమీ కాలేదు. ఈ పూట గీత పైనే ఉంది కదా అని పంపు వేయలేదు. నీళ్ళు తగ్గితే మోగే సైరను ఒకటి ఉండేది. మాటిమాటికీ మోగుతోందని ఓనరు చెబితే కరెంటు పని చేసే ఈరేశ్ దాని వైరు పీకేశాడు. ఒక పెయింటు, ఒక బొట్టు, ఒక వైరు. ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. అవన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చి ఒక గాజు దగ్గర కలిశాయి.

కొత్త పెయింటు కాలిన వాసన వచ్చిందట నాగరాజ్‌కు. కట్టెలు వేస్తున్నవాడు లేచి నిలబడ్డాడట. గీత చూశాడట. గీత ఉంది. వాసనా ఉంది. అప్పుడు, ఎవరూ తుడవనిదాన్ని, బొటనవేలితో తుడిచాడు. గాజు ఖాళీ. చెయ్యి పంపు స్విచ్చి మీదికి పోయిందన్నాడు. నీళ్ళు లేకపోతే నీళ్ళు పెట్టాలి, ఎవరి చెయ్యి అయినా అక్కడికే పోతుంది. స్విచ్చికి పైన గోడ మీద నేను అంటించిన బోర్డు. ఆ చెయ్యే ఫోను తీసింది. "అక్కా, గాజులో నీళ్ళు కనపడల్యా" అన్నాడు. అప్పుడు నేను పైన గదిలో అట్టపెట్టెల మీద చిరునామాలు అంటిస్తున్నాను. బాయిలరు గురించి నాకేమీ తెలియదు. తెలియక అన్నాను, నేను చూడాలి కదా అని అన్నాను. "ఏదీ ముట్టుకోకు, వస్తన్నా."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు కూడా వెతుకుతున్నాను. మెట్లు దిగి వెళ్ళేసరికి అతను అందరినీ బయటికి తోలుతున్నాడు. నన్నూ తోలేశాడు. ఒక్కడే లోపల ఉండి మంట మీద ఇసుక, బూడిద కప్పాడు. బయటికొచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పంపు వేసి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "కాలిన పెనం మీద నీళ్ళు పోస్తే ఏమైతాదక్కా? ఈ పెనానికి మూత ఉండాది, అంతే తేడా" అన్నాడు. మళ్ళీ, "చదివినా అక్కా ఇది. పరీక్షలో రాసినా. చెయ్యికి తెలీదు కదా" అన్నాడు. అప్పుడు ఫోనులో వెతికాను. చెంబెడు నీళ్ళు ఆవిరైతే వెయ్యి చెంబులకు మించిన చోటు కావాలట. ఆ చోటు లోపల లేదు. కాబట్టి బయట వెతుక్కుంటుంది. మేము నిలబడే చోటు, మేము భోజనం చేసే చోటు, మేము సైకిళ్ళు పెట్టే చోటు. వెయ్యి అనే అంకెను చదివాను, తల ఎత్తి ఆవరణ చూశాను, మళ్ళీ చదివాను. పద్దులు వేయడం వచ్చిన మనిషిని, ఆ లెక్క నా తలలో పట్టలేదు. ఇన్నాళ్ళూ దాని పక్క నుంచే నడిచాను. దాని గోడకు ఆనించి తడి చున్నీ ఆరబెట్టుకున్నాను.

టక్కు.

"నాగరాజా" అంటున్నాడు హనుమంత, బీడీ ఆర్పుతూ. "పెద్దమ్మ బొట్టు తుడిసినావప్పా. ఇంక నీకు పిల్లనెవరిస్తారు?"

"నీ చెల్లెలు ఉండాది కదప్పా" అన్నాడు నాగరాజ్.

"దాన్ని చేసుకుంటే బాయిలరే మేలంటావు."

నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఇంత దూరం వినిపిస్తుందని, గోడకు తగిలి తిరిగొస్తుందని ఇక్కడ ఇప్పుడే తెలిసింది. పక్కీరమ్మ నవ్వలేదు. ఆమె పక్కన బకెట్టు, బకెట్టులో గుడ్డ. ఓనరు కడగమన్నది ఆమెనే. చెయ్యి నీళ్ళలో పెడుతోంది, తీస్తోంది. రంగు నీళ్ళతో మోచేతుల దాకా నీలంగా మారిన చేతులు అవి, ఆదివారాలు కూడా తెల్లబడవు.

నీళ్ళు చదవడం మా నాన్నకు తెలుసు. సిరుగుప్ప దగ్గర మా క్యాంపు, కాలువ కింద భూములకు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. తూము దగ్గర గోడకు గీసిన అంకెలు చూసి రెండో పంట ఉందో లేదో చెప్పేవాడు. సైకిలు ఆపి, దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి చూసేవాడు. నేను ముందు కడ్డీ మీద. మాట్లాడకూడదు అప్పుడు. ఆ గోడ దాటాక కుడివైపు మా మడి. ఆ మడిలో రేకు. రేకు ఎందుకు గుర్తొచ్చింది. రేకు కాదు అది, పలక. వేలెడు మందం, వంగి ఉండేది, అంచు చుట్టూ బోల్టు రంధ్రాలు. సగం మట్టిలో దిగిపోయింది. దాన్ని కదిలించలేక చుట్టూ తిప్పి నాట్లు వేసేవాళ్ళు. ఎండాకాలం మేము దాని మీద కూర్చొని తేగలు తినేవాళ్ళం, వానాకాలం దాని వంపులో నీళ్ళు నిలిస్తే కాగితపు పడవలు వదిలేవాళ్ళం. నాన్నా, ఇది ఎక్కడిది అని అడిగితే, అది అక్కడే ఉంటుందిలేమ్మా అనేవాడు. కాలువకు అవతల పాత రైస్ మిల్లు, పైకప్పు లేని గోడలు. మిల్లుకూ మడికీ నడుమ కాలువ ఉంది, కాలువకు రెండు గట్లున్నాయి, గట్ల మీద తుమ్మ చెట్లున్నాయి. నేను ఆ దారిలో బడికి వెళ్ళాను. ఎన్నడూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు.

అధికారి నంబరు పక్కకు జరిపి అమ్మకు ఫోను చేశాను.

"అమ్మా, మన మడిలో ఇనప పలక ఎక్కడిదే?"

"పని మానేసి అడిగే మాటేనా ఇది? అన్నం తిన్నావా?"

"తిన్నాను. చెప్పు."

"మిల్లు బాయిలరు పేలినప్పటిదే. నువ్వు పుట్టకముందు. ఇప్పుడెందుకే అది?" మా అమ్మ సరోజినీదేవి గొంతు తగ్గించింది, పక్కన ఎవరో వింటున్నట్టు. "రాత్రంతా నిద్రపోలేదు మీ నాన్న. తెల్లారి వెళ్ళి చూస్తే మన మళ్ళో పడుంది. ముందు రోజే చెప్పాడంట ఆ మంట వేసే మనిషి, ఏదో కారుతోందని."

"ఎవరికి చెప్పాడు?"

"వాళ్ళావిడకు చెప్పాడంట. ఇంకెవరికి చెబుతాడు?"

ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకున్నాను. ఇంకెవరికి చెబుతాడు. పొయ్యి ముందు కూర్చున్న ఒక మనిషి, అన్నం వడ్డిస్తున్న ఆమెకు ఏదో కారుతోంది అని చెప్పి, తిని, పడుకొని, లేచి మళ్ళీ పనికి వెళ్ళాడు. ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. అంత బరువు ఇనుము మాత్రం కాలువ దాటింది, గట్లు దాటింది, చెట్లు దాటింది, వచ్చి మా మడిలో దిగింది. దాన్ని కదిలించే మనిషి ఆ ఊళ్ళో పుట్టలేదు, దాన్ని లేపి విసిరింది నీళ్ళు. ఉదయం కాఫీకి కాచుకునే నీళ్ళు. నేను దాని మీద కూర్చుని తేగలు తిన్నాను. నా వెన్ను మీద ఏదో పాకినట్టయింది. భయమని అనలేను. కొండ కింద నిలబడి మొదటిసారి తల ఎత్తినప్పుడు ఉండేదే, తల ఎంత ఎత్తినా చివర దొరకదు.

ఆ తలతోనే నాగరాజ్‌ను చూశాను. పదో తరగతి తప్పి, మళ్ళీ కట్టి పాసై, బాయిలరు పరీక్ష రాసిన మనిషి. బొటనవేలి మీద పసుపు అలాగే ఉంది. మిల్లులో మంట వేసిన ఆయనకూ ఇతనికీ నడుమ తేడా ఏమిటి. ఇతని ముందు గోడ మీద ఒక నంబరు ఉంది. అంతే. గోడ మీద నంబరు అంటించిన నాకు దాని మీద నమ్మకం లేదు, చదివిన అతనికి ఉంది. చెప్పినవారికి ఏ నష్టమూ రాదు. ఆ వాక్యం నాది కాదు, బెంగళూరు కాగితంలోంచి దించాను. ఇందాక రాఘవేంద్ర సారు గదిలోకి వెళ్ళేముందు ఆఖరుగా అన్నది దాని గురించే. "గాజు చూసేది వాని పని. ఆఫీసరొస్తే ఫస్టు అడిగేది వాన్నే. వాని సర్టిఫికెట్టు పోతాది. నీకు ఫోను చేసినందుకు వానికిదా బహుమానం? ఆలోచన చేయమ్మా." ఆలోచన చేస్తూనే ఉన్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఫోను చేస్తే నష్టపోయేది ఇతనే కావచ్చు. చేయకపోతే అద్దం కడుగుతారు, కాలిన ఇనుము లోపల ఎక్కడ సాగిందో ఎక్కడ పగిలిందో ఎవరూ చూడరు, మంట పెడతారు, ఆ మంట ముందు కూర్చునేది కూడా ఇతనే.

లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాను.

"నాగరాజ్, ఆఫీసరుకు చెబితే ముందు నిన్నే అడుగుతారంట. నీ సర్టిఫికెట్టు..."

"తెలుసక్కా."

"మరి?"

అతను బాయిలరు గది వైపు చూశాడు. "నా ఫోను నేను చేసేసినా కదక్కా" అన్నాడు. "ఇప్పుడు మీ వంతు."

అందులో నిష్ఠూరం లేదు. బస్సు వచ్చింది ఎక్కండి అన్నట్టు అన్నాడు. టక్కు వినిపించి చాలా సేపయింది. పక్కీరమ్మ గుడ్డ పిండుతోంది. నేను నంబరు నొక్కాను. అవతల మోగుతున్నప్పుడు స్పీకరు పెట్టాను, ఎందుకు పెట్టానో తెలియదు, ఒంటరిగా వినలేననిపించింది.

"హేళి" అంది గొంతు. చెప్పండి అని. పేరు చెప్పాను, యూనిట్ చెప్పాను.

"ఎంతమందికి దెబ్బలు?"

"ఎవరికీ లేదు సార్."

"ఏదన్నా పగిలిందా?"

"లేదు సార్."

"మరి ఏమైంది?"

అక్కడికొచ్చింది. ఇందాకటి నుంచీ ఆగిపోతున్న చోటు. ఈసారి ఆగలేదు. "గాజులో నీళ్ళు లేవు సార్, మంట ఉంది" అన్నాను. అవతల కుర్చీ జరిగిన శబ్దం. పంపు వేశారా అని అడిగింది గొంతు, వేగంగా, కన్నడంలో. వేయలేదు అన్నాను. అవతల ఊపిరి వదిలిన శబ్దం స్పీకరులోంచి ఆవరణంతా వినిపించింది. ఆ శ్వాసతో నాకు రూఢి అయింది, కానిది కూడా ఒక సంగతేనని, దానికి బరువుందని, ఊరికి ఆ చివర కూర్చున్న ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకున్నాడని.

మిగిలింది చెప్పాను, నాగరాజ్ చూసి నాకు ఫోను చేసిన సంగతి కూడా. పెయింటు మీద రాయొద్దన్నది నేను. అద్దం మీద బొట్టు. బొట్టు ఎవరు పెట్టారని అడగలేదు ఆయన, నేనూ చెప్పలేదు. పక్కీరమ్మే బకెట్టు వదిలేసి వచ్చింది. "నేను సామీ" అంది ఫోనులోకి, గట్టిగా, డ్రమ్ములు తిరుగుతున్నట్టు. "పక్కీరమ్మ నా పేరు. ఇరవై ఏండ్లుగా పెడతాండా. గాజు మీద పెడితే ఇంత ఉండాదని నాకు తెలీదు. పిల్లోనిది తప్పు లేదు, రాసుకో." హనుమంత నోరు తెరిచి చూస్తున్నాడు. పేరెత్తకూడదన్న మనిషి తన పేరుతో సహా ఎత్తింది. సైరను మోగలేదా అని అడిగారు ఆయన. ఈరేశ్ నేల చూస్తున్నాడు. గుమ్మంలో రాఘవేంద్ర సారు నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో. ఆయన వైపు చూస్తూనే చెప్పాను. "వైరు తీసేశాం సార్. ఓనరు గారు చెబితే." ఆయన ఏదో అనబోయి, జేబులోంచి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. కాదు అనలేదు. నేను ఉద్యోగం గురించి అనుకోవలసిన క్షణం అదే. అనుకోలేదు.

"మంట పెట్టొద్దు. ఆ గాజు అట్లనే ఉండనీయండి, కడగొద్దు. నేను బయల్దేరుతున్నా" అంది గొంతు. "ఫోను చేసిన ఆ పిల్లోడు ఉన్నాడా? ఇవ్వండి."

నాగరాజ్ లేచి నిలబడ్డాడు. ఫోను రెండు చేతులతో తీసుకున్నాడు. సార్ అన్నాడు.

"నీళ్ళు లేవని చూసినావు. పంపు ఎందుకు వేయలేదు?"

"వేయబోయినా సార్."

"మరి?"

"అడిగితే బాగుంటాదనిపిచ్చింది సార్."

"ఎంత సర్వీసు నీకు?"

"నాలుగేండ్లు సార్."

"ఇంటికి పోవద్దు. నేనొచ్చి నీతోనే ఫస్టు మాట్లాడాల. భయపడొద్దు, నువ్వు చెప్పింది నువ్వు చెప్పినట్టే రాస్తా. దానికి ఏం వస్తాదో ఇప్పుడే చెప్పలేను. గొత్తాయ్తా?"

అర్థమైంది సార్ అన్నాడు నాగరాజ్. ఫోను నాకిచ్చాడు. అతని ముఖంలో ఊరట ఉందని రాయలేను. ఉన్నది ఉన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పి, దాని పక్కన నిలబడిన మనిషి ముఖం అది. అలాంటి ముఖం నేను ఇంతవరకు చూడలేదు కాబట్టి దానికి మాట తెలియదు.

"ఒక్కటి చెప్పండి మేడం" అంది గొంతు, ఇప్పుడు బండి స్టార్టయిన శబ్దం వెనకాల. "ఆ టైములో షిఫ్టులో ఉన్నవాళ్ళు ఎవరెవరు, ఇప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?"

పేర్లు చెబుదామని తల ఎత్తాను. హనుమంత చెవి వెనక బీడీ. ఈరేశ్ చేతిలో టెస్టరు. ఉతికిన జీన్స్ జేబుల్లోంచి రాళ్ళు ఏరే ఆడవాళ్ళు గోడ నీడలో కాళ్ళు చాపుకొని, ఒకామె ఇంకొకామె జడ అల్లుతోంది. పక్కీరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. గుమ్మంలో రాఘవేంద్ర సారు. తొట్టి దగ్గర నాగరాజ్. ఒక్కొక్క ముఖం దగ్గర ఆగుతున్నాను.

"మేడం, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాం సార్" అన్నాను. "అందరం ఉన్నాం."